కామా దగ్గర విడగొడితే సరిపోదు: పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్ లోపల జరిగేది

బ్యాంక్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసినా, ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి మండలాల వారీ లెక్కలు తీసుకున్నా, షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నెల అమ్మకాలు బయటికి తీసినా చేతికొచ్చేది చాలాసార్లు సీఎస్‌వీ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అందులో పెద్దగా ఏమీ ఉండదు. లైనుకో రికార్డు, విలువల మధ్య కామాలు. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు వెంటనే తట్టేది ఒకటే: లైను చదవడం, కామా దగ్గర విడగొట్టడం. పైథాన్‌లో అది ఒక్క లైను కోడ్. మరి ఇంతోటి పనికి పైథాన్‌లోనే ప్రత్యేకంగా సీఎస్‌వీ మాడ్యూల్ అని ఒక లైబ్రరీ ఎందుకు పెట్టారు?

ఎందుకంటే కామా కనపడ్డ ప్రతిచోటా ఒక విలువ ముగిసినట్టు కాదు. లైను ముగిసినంత మాత్రాన రికార్డు ముగిసినట్టూ కాదు. ఈ రెండూ అర్థమైతే సీఎస్‌వీతో వచ్చే తలనొప్పుల్లో చాలావరకు ఎక్కడ పుడుతున్నాయో తెలిసిపోతుంది. ఒక హార్డ్‌వేర్ షాపు బిల్లుల ఫైల్లో ఇలాంటి లైను ఉందనుకోండి:

1042,"గాంధీచౌక్, తెనాలి","6"" పీవీసీ పైపు","1,18,500"

మనిషి కంటికి ఇందులో నాలుగు విలువలున్నాయి. బిల్లు నంబరు, అడ్రసు, సరుకు, మొత్తం. కామా దగ్గర గుడ్డిగా విడగొడితే మాత్రం ఏడు ముక్కలొస్తాయి. అడ్రసులో కామా లేకుండా మనవాళ్లు రాయరు. లక్షల లెక్కలో వెయ్యి దగ్గరొకటి, లక్ష దగ్గరొకటి కామా పడుతుంది. పైపు సైజు పక్కన అంగుళం గుర్తుగా పెట్టేది సాక్షాత్తూ డబుల్ కోటే. అంటే మన మామూలు బిల్లు డేటాలోనే సీఎస్‌వీని తికమకపెట్టే సరంజామా అంతా ఉంది. ఇవి ఎప్పుడో ఒకసారి తగిలే వింత కేసులు కావు.

ఈ లైనును పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్ ఒక్కో అక్షరమే చదువుకుంటూ పోతుంది. చదువుతున్నంతసేపూ తానిప్పుడు ఏ స్థితిలో ఉన్నదీ గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు దీన్ని స్టేట్ మెషీన్ అంటారు. మాడ్యూల్ అసలు పని సీ భాషలో రాసిన భాగంలో జరుగుతుంది, ఆ కోడ్‌లో ఈ స్థితులన్నిటికీ విడివిడిగా పేర్లున్నాయి.

మొదట అది కొత్త రికార్డు మొదలయ్యే స్థితిలో ఉంటుంది. 1 వచ్చింది, అది కోట్ కాదు కాబట్టి మామూలు ఫీల్డులోకి (ఫీల్డు అంటే రికార్డులోని ఒక్కో విలువ) వెళ్లింది. 1042 తర్వాత కామా రాగానే ఆ విలువను పక్కన పెట్టుకుని తర్వాతి ఫీల్డుకు సిద్ధమైంది. ఫీల్డు మొదట్లోనే డబుల్ కోట్ కనిపించింది, దాంతో కోట్ల లోపలి స్థితికి మారింది. ఇక అక్కణ్నుంచి కామాకు ఏ ప్రత్యేకతా లేదు, అదీ మిగతా అక్షరాల్లో ఒకటే. అందుకే గాంధీచౌక్, తెనాలి రెండూ కలిసే ఉన్నాయి. తెనాలి తర్వాత మళ్లీ కోట్ వచ్చింది. ఇక్కడుంది అసలు తెలివి. ఆ కోట్ ఫీల్డు ముగింపా, లేక విలువలో భాగమా అన్నది దాన్ని చూసి చెప్పలేం. అందుకని మాడ్యూల్ అనుమానం స్థితి లాంటి ఒక మధ్య స్థితిలోకి వెళ్లి ఇంకో అక్షరం కోసం చూస్తుంది. కామా వస్తే ఫీల్డు ముగిసింది. లైను ముగిస్తే రికార్డే ముగిసింది. ఇంకో కోట్ వస్తే, ఆ రెండూ కలిపి విలువలోని ఒక్క కోట్ కింద లెక్క, మళ్లీ కోట్ల లోపలికే తిరిగి వెళ్తుంది. 6 పక్కన రెండు కోట్లు వరసగా ఉన్నది ఇందుకే. ప్రోగ్రాముకు అందేది మాత్రం ఒక్క అంగుళం గుర్తుతో ఉన్న పైపు.

ఆ అనుమానం స్థితిలో ఇవేవీ కాకుండా మామూలు అక్షరం వస్తే? అంటే ఫైల్ రాసినవాళ్లు అంగుళం గుర్తును రెండుసార్లు రాయడం మర్చిపోతే? మాడ్యూల్ మామూలుగా పోన్లే అని ఊరుకుని, ఆ అక్షరాన్ని కలుపుకుని ముందుకు పోతుంది. స్ట్రిక్ట్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఎర్రర్ ఇస్తుంది. డబ్బు లెక్కలున్న ఫైళ్లకు దాన్ని ఆన్ చేసే పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. తప్పు ఫైల్ వచ్చిన రోజే ఆగిపోతే పంపినవాళ్లకు ఫోన్ చేసి సరిచేయించుకోవచ్చు. ఆరు నెలల తర్వాత ఆడిట్‌లో బయటపడితే ఏ లైను దగ్గర మొదలైందో వెతకడానికే ప్రాణం పోతుంది.

ఇంకో చిన్న మెలిక. డబుల్ కోట్‌కు ఈ శక్తి ఫీల్డు మొట్టమొదటి అక్షరంగా ఉన్నప్పుడే. చూడ్డానికి బాగుంటుందని కామా తర్వాత ఒక స్పేస్ ఇచ్చి, ఆ తర్వాత కోట్ పెట్టారనుకోండి, ఆ స్పేస్‌తోనే మామూలు ఫీల్డు మొదలైపోయింది. తర్వాతి కోట్ ఉత్త అక్షరం, లోపలి కామా దగ్గర ముక్క తెగిపోతుంది. చేత్తో తయారుచేసిన ఫైళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఫీల్డు మొదట్లో స్పేస్‌ను వదిలేయమని చెప్పే సెట్టింగ్ ఉంది, పెడితే చాలు.

ఇప్పుడు లైను సంగతి. ఎక్సెల్‌లో ఒక గడిలో ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే అడ్రసు రెండు మూడు లైన్లలో వస్తుంది. దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ లైను మార్పులు కోట్ల లోపల అలాగే ఉంటాయి. మాడ్యూల్ లైను చివరికి వచ్చేసరికి ఇంకా కోట్ల లోపలే ఉందంటే రికార్డు అవ్వలేదని దానికి తెలుసు, తర్వాతి లైను అడుగుతుంది. అందుకే రీడర్ (మాడ్యూల్‌లో ఫైల్ చదివే భాగం) దగ్గరున్న లైను నంబరు, చదివిన రికార్డుల సంఖ్య ఒకటి కావు. ఫైల్లో పదివేల లైన్లున్నాయి కాబట్టి పదివేల మంది కస్టమర్లు అని లెక్కేస్తే తప్పవచ్చు.

దీనివల్ల ఇంకో చిక్కుంది. పెద్ద ఫైల్‌ను నాలుగు ముక్కలు చేసి నాలుగు ప్రాసెసర్లకు పంచుదామంటే, మధ్యలో ఎక్కడో దూకి చూసినప్పుడు మనం కోట్ల లోపల ఉన్నామా బయట ఉన్నామా అన్నది మొదటి నుంచి చదివితే తప్ప కచ్చితంగా చెప్పలేం. ఆవ్రో లాంటి రికార్డు ఫార్మాట్లు బ్లాకుల మధ్య 16 బైట్ల గుర్తు పెట్టుకునేది ఇలాంటి అవసరానికే. మధ్యలో దూకినా ఆ గుర్తు కోసం వెతికి, అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. సీఎస్‌వీకి ఆ సౌకర్యం లేదు.

అసలు విలువల మధ్య గీతగా కామానే ఎందుకు పట్టుకున్నారు అని అడగొచ్చు. ఆస్కీలో, అంటే కంప్యూటర్లు అక్షరాలకు నంబర్లిచ్చే పాత ప్రమాణంలో, ఫీల్డులకూ రికార్డులకూ ప్రత్యేకమైన గుర్తులు మొదటి నుంచీ ఉన్నాయి. 31వ నంబరు ఫీల్డులకు, 30వ నంబరు రికార్డులకు. వాటిని వాడి ఉంటే ఇప్పుడు చెప్పుకున్న కోట్ల గొడవ చాలావరకు ఉండేది కాదు. కానీ కీబోర్డు మీద వాటికి మీట లేదు, స్క్రీన్ మీద కనపడవు. మనుషులు చేత్తో కొట్టగలిగేదీ, కంటితో చూడగలిగేదీ కామా. 1972లోనే ఐబీఎం ఫోర్‌ట్రాన్ కంపైలర్ ఒకటి కామాలతో విడదీసిన విలువలను చదివేది.

అంతకుముందు నుంచీ ఉన్న ఇంకో పద్ధతి, ప్రతి ఫీల్డుకూ ఇన్ని స్థానాలని ముందే కేటాయించడం. 80 కాలమ్‌ల పంచ్ కార్డుల నాటి పద్ధతి అది, ఇప్పటికీ కొన్ని పాత సిస్టమ్‌లలో నడుస్తోంది. అందులో కామాల గొడవే ఉండదు. తెలుగుకు మాత్రం అది బొత్తిగా పనికిరాదు. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. తెలుగు అన్న పదానికే 18 బైట్లు కావాలి. పేరుకు పది బైట్లు ఇచ్చిన ఫైల్లో మూడు గుర్తులు పోను నాలుగో గుర్తు మధ్యలో తెగిపోతుంది, ఆ మిగిలిన ఒక్క బైటు ఏ అక్షరమూ కాదు. పొడవుకు హద్దు పెట్టని సీఎస్‌వీ ఈ విషయంలో మనకు మేలే చేసింది.

పైథాన్‌లోకి సీఎస్‌వీ మాడ్యూల్ 2003లో, 2.3 వెర్షన్‌తో వచ్చింది. సీఎస్‌వీ ఎలా ఉండాలో చెప్పే ఆర్ఎఫ్‌సీ 4180 పత్రం వచ్చింది ఆ తర్వాత, 2005 అక్టోబర్‌లో. అంటే మాడ్యూల్ రాసేనాటికి అనుసరించడానికి రాతపూర్వకమైన ప్రమాణం లేదు. ఉన్నదల్లా లోకమంతా వాడుతున్న ఎక్సెల్. అందుకే మాడ్యూల్‌లో డిఫాల్ట్ డయలెక్ట్ పేరే ఎక్సెల్. డయలెక్ట్ అంటే విడదీసే గుర్తు ఏది, కోట్ ఏది, లైను ఎలా ముగియాలి వంటి సెట్టింగుల మూట. దశాంశానికి కామా వాడే యూరప్ దేశాల్లో ఎక్సెల్ సెమికోలన్‌తో విడదీస్తుంది, దానికి వేరే సెట్టింగ్ ఇవ్వాలి. ఫైల్ చూసి ఇవన్నీ పసిగట్టే స్నిఫర్ కూడా ఉంది గానీ అది అంచనాయే. రోజూ నడిచే ప్రోగ్రాముల్లో దాని మీద ఆధారపడొద్దు, ఫైల్ పంపేవాళ్లనే అడిగి రాసి పెట్టుకోవాలి.

ఫైల్ తెరిచేటప్పుడు న్యూలైన్ అనే చోట ఖాళీ స్ట్రింగ్ (స్ట్రింగ్ అంటే అక్షరాల వరస) ఇవ్వమని డాక్యుమెంటేషన్ పదేపదే చెబుతుంది. చాలామంది అది ఎందుకో తెలియకుండానే కాపీ చేస్తుంటారు, లేదా వదిలేస్తుంటారు. కారణం ఇది. ఎక్సెల్ డయలెక్ట్‌లో మాడ్యూల్ ప్రతి రికార్డునూ క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే రెండు గుర్తులతో ముగిస్తుంది. విండోస్‌లో పైథాన్ టెక్స్ట్ ఫైల్ రాసేటప్పుడు ప్రతి లైన్ ఫీడ్ ముందూ తనవంతుగా ఇంకో క్యారేజ్ రిటర్న్ చేరుస్తుంది. ఇద్దరూ ఒకే పని చేయడంతో లైను చివర మూడు గుర్తులవుతాయి. ఎక్సెల్‌లో తెరిస్తే ప్రతి రికార్డు తర్వాతా ఒక ఖాళీ వరుస. ఖాళీ వరుసల్ని తీసేయడానికి ఇంకో ప్రోగ్రాం రాసినవాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క సెట్టింగ్ ఇస్తే లైను ముగింపుల బాధ్యత పూర్తిగా మాడ్యూల్‌దే అవుతుంది. చదివేటప్పుడూ ఇది కావాలి, లేకపోతే కోట్ల లోపలి అడ్రసులో ఉన్న లైను మార్పులు మాడ్యూల్ చేతికి అందేలోపే మారిపోతాయి.

ఫీల్డు పొడవుకు మాడ్యూల్ పెట్టిన పరిమితి 1,31,072 అక్షరాలు. దాన్ని దాటితే ఎర్రర్ వస్తుంది. నెట్‌లో వెతికితే పరిమితి పెంచుకోమని ఒక లైను కోడ్ దొరుకుతుంది, పెట్టగానే ఎర్రర్ పోతుంది. దయచేసి ముందు ఆ పని చేయకండి. లక్షకు పైగా అక్షరాలున్న అడ్రసు ఎక్కడా ఉండదు. ఎక్కడో ఒక కోట్ తెరిచి మూయకపోతే మాడ్యూల్ తాను ఇంకా కోట్ల లోపలే ఉన్నానని అనుకుని, లైన్ల మీద లైన్లు అదే ఫీల్డులోకి చేర్చుకుంటూ పోయింది. పరిమితి పెంచితే వేల రికార్డులు ఒకే గడిలోకి చేరి, ఎర్రర్ ఏమీ లేకుండా మాయమవుతాయి. లోపం పుట్టిన చోటు ఎర్రర్ వచ్చిన లైనుకు చాలా పైన, సరిగ్గా చదివిన చివరి రికార్డు తర్వాత ఉంటుంది. వెతకాల్సింది అక్కడ.

తెలుగు డేటా విషయానికొస్తే, పైథాన్ 2 రోజుల్లో ఈ మాడ్యూల్‌కు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం) రాదు. బైట్ల మీదే పనిచేసేది, తెలుగు పేర్లు రాయాలంటే చుట్టూ అదనపు కోడ్ రాసుకోవాల్సి వచ్చేది. పైథాన్ 3లో ఆ బాధ పోయింది గానీ ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఏ పద్ధతిలో బైట్లుగా మార్చాలన్నది) చెప్పే బాధ్యత మనదే. చెప్పకపోతే విండోస్ మెషీన్లలో పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్ తీసుకుని, తెలుగు అక్షరం రాగానే రాయలేనని ఆగిపోతుంది. సరే, యూటీఎఫ్-8 అని చెప్పి రాశారు, ఫైల్ బాగానే ఉంది. దాన్ని ఆఫీసులో ఎవరో ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరం ఒకటి, పక్కన ° గుర్తో ± గుర్తో, ఇదే వరస పదేపదే కనిపిస్తుంది. ఫైల్ పాడైందని కంగారు పడక్కర్లేదు. తెలుగు గుర్తులన్నిటికీ యూటీఎఫ్-8లో మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండింటిలో ఒకటి. పాత ఎన్‌కోడింగ్‌లో చూస్తే ఆ బైట్లు ఇలా కనిపిస్తాయి.

దీనికి మందు, ఫైల్ మొదట్లో బామ్ అనే మూడు బైట్ల గుర్తు పెట్టడం. పైథాన్‌లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే అదే పెడుతుంది, ఎక్సెల్ ఆ గుర్తు చూసి తెలుగును సరిగ్గా చూపిస్తుంది. అయితే అలా రాసిన ఫైల్‌ను తిరిగి చదివేటప్పుడు ఉత్త యూటీఎఫ్-8 అని చెబితే, ఆ కనపడని గుర్తు మొదటి కాలమ్ పేరుకు అంటుకుపోతుంది. హెడింగ్ చూస్తే పేరు అనే ఉంటుంది. కాలమ్ పేరుతో విలువలిచ్చే డిక్ట్ రీడర్‌ను పేరు అనే కాలమ్ అడిగితే మాత్రం లేదంటుంది. కంటికి కనపడేదానికీ ప్రోగ్రాం చెప్పేదానికీ పొంతన ఉండదు కాబట్టి ఇది మనిషిని బాగా విసిగిస్తుంది. చదివేటప్పుడు కూడా సిగ్ ఉన్నదే వాడితే సరి, గుర్తు లేని ఫైళ్లనూ అది మామూలుగానే చదువుతుంది.

డిక్ట్ రీడర్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. రెండు కాలమ్‌లకు ఒకే హెడింగ్ ఉంటే అది మొదటిదాన్ని చప్పుడు చేయకుండా వదిలేసి రెండోదాని విలువ ఉంచుతుంది. ఫోన్ అని రెండు కాలమ్‌లున్న ఫైళ్లు ఎన్నో. చదవడం మొదలుపెట్టేముందు హెడింగుల్లో ఒకేలాంటివి ఉన్నాయేమో చూసుకోవాలి.

ఈ మాడ్యూల్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే గుణం చాలామందికి లోపంగా కనిపిస్తుంది. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, చదివిన ప్రతి విలువనూ అది స్ట్రింగ్‌గానే ఇస్తుంది. 500 అని ఉంటే సంఖ్యగా మార్చదు, తేదీలా ఉంటే తేదీగా మార్చదు. ప్రతిదీ మనమే మార్చుకోవాలా అని విసుక్కుంటారు. కానీ ఫైల్లో ఉన్న 040 అన్నది నలభయ్యా, హైదరాబాద్ ఎస్టీడీ కోడా అన్నది ఫైల్ చెప్పదు. సీఎస్‌వీలో కాలమ్ రకం రాసే చోటే లేదు. తెలియని చోట ఊహించకుండా ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం కంటే నిజాయితీ ఏముంటుంది?

ఊహిస్తే ఏమవుతుందో ఎక్సెల్ చూపిస్తుంది. 040ని 40 చేస్తుంది. 12 అంకెల ఆధార్ నంబరును మామూలు ఫార్మాట్‌లో 1.23412ఈ+11 లాగా చూపిస్తుంది. ఆ స్థితిలో ఫైల్‌ను సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైల్లోకి వెళ్లేది స్క్రీన్ మీద కనిపించినదే, మిగతా అంకెలు ఇక తిరిగిరావు. 16 అంకెల ఖాతా నంబరైతే 15 అంకెల తర్వాతిది సున్నా అయిపోతుంది. మానవ జన్యువుల పేర్లకైతే ఇంకా పెద్ద దెబ్బే తగిలింది. మార్చ్, సెప్ట్ అనే అక్షరాలతో మొదలై అంకెతో ముగిసే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ఎన్నో పరిశోధన పత్రాల డేటాలో ఈ తప్పు దూరింది. చివరికి జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చింది. ఆ ఆటోమేటిక్ మార్పుల్ని ఆపుకునే వీలు ఎక్సెల్‌లో 2023లో వచ్చింది.

డేటా విశ్లేషణకు వాడే పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ కూడా కాలమ్ చూసి రకం ఊహిస్తుంది. విశ్లేషణకు అది సుఖమే. ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు, కోడ్‌లు ఉన్నప్పుడు మాత్రం ఆ కాలమ్‌లను స్ట్రింగ్‌గానే తీసుకోమని ముందే చెప్పాలి. కూడికలు చేయని అంకెలేవీ సంఖ్యలు కావని అనుకుంటే పొరపాటు జరగదు.

ఇంత జాగ్రత్తగల మాడ్యూల్ కూడా కాపాడనివి కొన్ని ఉన్నాయి. ఎవరైనా వెబ్ ఫారంలో తమ పేరుకు బదులు సమానం గుర్తుతో మొదలయ్యే ఫార్ములా రాస్తే, మాడ్యూల్ దాన్ని ఉన్నదున్నట్టు ఫైల్లో రాస్తుంది. ఆ ఫైల్ ఎక్సెల్‌లో తెరిచినప్పుడు అది ఫార్ములాగా పనిచేయొచ్చు. బయటివాళ్లు ఇచ్చిన డేటాను ఎక్సెల్‌లో తెరిచేవాళ్లకు పంపుతున్నప్పుడు అలాంటి విలువల్ని ముందే పట్టుకోవడం మన పనే.

రెండోది, లేని విలువకూ ఖాళీ విలువకూ తేడా. డేటాబేస్‌లో ఒక కస్టమర్ ఫోన్ నంబరు అడగనేలేదు, ఇంకొకరిని అడిగితే లేదన్నారు. మొదటిదాన్ని నన్‌గా (None, విలువే లేదని చెప్పే పైథాన్ పదం), రెండోదాన్ని ఖాళీ స్ట్రింగ్‌గా పెట్టుకున్నాం. మాడ్యూల్ మామూలుగా ఈ రెండిటినీ కామాల మధ్య ఏమీ లేకుండా ఒకేలా రాస్తుంది, తిరిగి చదివితే రెండూ ఖాళీ స్ట్రింగులే. పైథాన్ 3.12లో దీనికోసం కొత్త కోటింగ్ పద్ధతులు చేర్చారు. వాటిలో ఒకటి నన్ కాని ప్రతి విలువకూ కోట్లు పెడుతుంది, నన్ ఉన్నచోట మాత్రం కోట్లు లేకుండా వదిలేస్తుంది. అలా రాస్తే తేడా ఫైల్లో నిలుస్తుంది. కాకపోతే అవతల చదివే ప్రోగ్రాముకు కూడా ఆ తేడా తెలియాలి. పాత పైథాన్‌తోనో ఎక్సెల్‌తోనో తెరిస్తే రెండూ ఖాళీ గడులే, కాబట్టి ఈ పద్ధతి పెట్టేముందు ఫైల్ ఎవరి దగ్గరికి వెళ్తోందో, వాళ్లు దేంతో చదువుతున్నారో కనుక్కోండి.